మంచు పడగానే లేచి నిలబడవలెను

డిసెంబరు ఎనిమిదో తేదీ ఉదయం ఆరున్నరకు, అల్ మవాలేలోని రెండు గదుల ఫ్లాట్లో, ఇడ్లీ పిండి కలుపుతూ బ్యూలా ఆ రోజు చేయాల్సిన పనులు మూడు అనుకుంది. ఇడ్లీలు వేయాలి. అమ్మకు బీపీ మాత్ర ఇవ్వాలి. ఇరవై అయిదో తేదీకి సెలవు అడగాలి. మొదటి రెండూ ఏడింటికల్లా అయిపోయాయి. మూడోది మాత్రం ఆమె భర్త మనోహరం చేతిలో పడింది. పడకుండా ఉంటే ఈ కథ ఇక్కడితో ముగిసి అందరూ హాయిగా ఉండేవారు.

బ్యూలా అల్ ఖువైర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. మస్కట్ వచ్చి ఏడేళ్లయింది. ఏడు క్రిస్మస్‌లూ డ్యూటీలోనే గడిచాయి. ఈసారి తల్లి జ్ఞానాంబ నరసాపురం నుంచి నెల రోజుల విజిట్ వీసా మీద వచ్చింది. ఇరవై ఆరున తిరుగు ప్రయాణం. పండగ పూట అమ్మ పక్కన కూర్చుని తీరిగ్గా కోడి పలావు తినాలన్నది బ్యూలా కోరిక. తీరా చూస్తే రోస్టర్‌లో ఇరవై అయిదున మధ్యాహ్నం ఒంటి గంట నుంచి రాత్రి తొమ్మిది దాకా ఆమె పేరే వేశారు.

"మా అమ్మ వచ్చిందని ఒక్క ముక్క రాసి ఇచ్చేస్తానండి," అంది బ్యూలా.

మనోహరం ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలరు. కాగితం ఎంత బరువుగా ఉంటే సంతకం అంత త్వరగా పడుతుందని ఆయన నమ్మకం. ఒకసారి వంటింటి కుళాయి కారుతోందని ఆయన రాసిన రెండు పేజీల లేఖ చదివి, ఇంటి ఓనరు కోర్టు నోటీసనుకుని వకీలును పెట్టుకున్నాడు. కుళాయి ఇప్పటికీ కారుతూనే ఉంది.

"అమ్మొచ్చిందని రాస్తే హెచ్చార్ వాళ్లు నవ్వుతారే. అమ్మలు అందరికీ ఉంటారు."

"పోనీ చర్చిలో ఆరాధన ఉందని రాయండి."

"ఆరాధన పన్నెండుకి అయిపోద్ది. ఒంటిగంటకి డ్యూటీకి రమ్మంటారు. మజ్జానం మూడింటికి జరిగేది, ఇంట్లోనే జరిగేది, మనిషి లేకపోతే చెడిపోయేది ఏదన్నా కావాలి."

ఆ మాట అంటుండగానే ఆయన ముఖం వెలిగిపోయింది. బ్యూలాకు భయం వేసింది.

అంతకు ముందు రోజు ఆయన ఫోన్లో ఒక వ్యాసం చదివాడు. పండగ సినిమాలు కుటుంబాలకూ దేశాలకూ క్రిస్మస్ ఆచారాలుగా ఎలా మారాయన్నది దాని విషయం. ఒక దేశంలో టీవీ వాళ్ల దగ్గర వేరే సినిమా లేక ఏటా అదే వేసేవారట. కొన్నేళ్లకు సిగ్గుపడి మానేస్తే జనం ఫోన్లు చేసి తిట్టారట. అప్పటినుంచి అది జాతీయ సంప్రదాయమట. గతిలేక చేసిన పనిని నాలుగుసార్లు చేస్తే దానికి పరువు వస్తుందన్నమాట. మనోహరానికి ఈ సూత్రం ఎంతగానో నచ్చింది.

"మన ఇంట్లో క్రిస్మస్ సినిమా ఆచారం ఉంది," అన్నాడు.

"మనకా?"

"రెండేళ్ల కిందట పండగనాడు టీవీలో చూళ్లేదూ? మంచు, ముసలాయన, తప్పిపోయిన కుక్క..."

"మనం చూడ్డమేంటండీ! రిమోట్‌లో బ్యాటరీ అయిపోయి ఛానల్ మారక మీరు చూశారు. నేను నైట్ డ్యూటీ చేసొచ్చి సోఫాలో పడి నిద్రపోయాను."

"కుటుంబం మొత్తం ఒకే గదిలో ఉందా, లేదా?"

ఇలాంటి మనిషితో వాదించడం కంటే ఇడ్లీలు దించుకోవడం మేలు. బ్యూలా అదే చేసింది. ఆ పది నిమిషాల్లో ఆయన ఆమె సెలవు ఫారం నింపేశాడు. ఇంగ్లీషులో దాని ఆర్భాటం చెప్పనలవి కాదు కాని, సారాంశం ఇది: తెలుగు క్రైస్తవులలో యాభై ఏళ్లుగా వచ్చుచున్న జాతీయ ఆచారము ప్రకారము, క్రిస్మస్ నాడు మధ్యాహ్నము మూడు గంటలకు కుటుంబమంతా తెల్లని వస్త్రములు ధరించి పండగ చలనచిత్రము చూడవలెను. ఇంటి పెద్ద స్త్రీ ముందు వరసలో కూర్చొనవలెను. తెర మీద మంచు పడగానే అందరూ లేచి నిలబడవలెను. ఒక్కరు తగ్గినా ఆ ఏటి ఆశీర్వాదము తప్పును.

నరసాపురంలో మంచు కురవగా చూసిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. పైగా ఆ ఇంటి పెద్ద స్త్రీ అయిన జ్ఞానాంబ ముప్పై ఏళ్లు మిషను చర్చిలో ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిల్ ఉమన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడకు సినిమా అంటే పాపం. పంతొమ్మిదో ఏట మొదటిసారి సినిమాకు వెళ్లి, ఇంటర్వెల్లో గోలీసోడా తాగుతుండగా మనసు మారి, హాల్లోంచి లేచొచ్చి, ఆ వారమే బాప్తిస్మం తీసుకుంది. ఈ సాక్ష్యాన్ని గోదావరి జిల్లాల్లో కూటం పెట్టిన ప్రతి ఇంట్లోనూ చెప్పింది. ఆవిడ వస్తోందని తెలిసి కూతురూ అల్లుడూ టీవీ మీద దుప్పటి కప్పారు. కప్పిన ఆ దుప్పటి కింద యాభై ఏళ్ల ఆచారం ఉందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

ఫారం అడుగున చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక ఉంది. తప్పుడు వివరాలు ఇచ్చినవారి కాంట్రాక్టు పొడిగించబడదని. బ్యూలా కాంట్రాక్టు ఫిబ్రవరిలో అయిపోతుంది. మనోహరం ఆ లైను చదవలేదు, అది ఆయన రాసింది కాదు కాబట్టి.

ఆసుపత్రిలో హెచ్చార్ ఆఫీసరు జువేరియా. తల్లిదండ్రులది కడప. తను పుట్టి పెరిగింది మస్కట్‌లోనే. ఆ నెల డైరెక్టరుగారు సంస్కృతి మాసం ప్రకటించి, సిబ్బంది ఆచారాలన్నీ సేకరించమని ఆమె నెత్తిన పెట్టారు. అప్పటికి వచ్చినవి రెండు. ఒకరు బిర్యానీ అన్నారు. ఇంకొకరూ బిర్యానీయే అన్నారు. అలాంటి కరువులో బ్యూలా ఫారం ఆమె బల్ల మీదికి వచ్చింది.

"ఏం సిస్టర్, ఇంత గొప్ప ఆచారం పెట్టుకోని ఏడేండ్లు నోరు మెదపకుండా ఉన్నావే! నేను ఈడ పుట్టినదాన్ని, మన తెలుగోళ్ల సంగతులు నాకెవరు చెప్తారు?"

"అంటే మేడమ్, అది మా ఆయన..."

"మంచు పడితే లేచి నిలబడతారా! సుభానల్లా! చదువుతాంటే ఒళ్లు జలదరిస్తాంది."

సెలవు మంజూరు ముద్ర పడింది. బ్యూలా ఆ సాయంత్రం పండగకని ఫ్రీజర్లో దాచడానికి రెండు కిలోల కోడి, బాస్మతి బియ్యం కొనుక్కుని ఇంటికి వెళ్లింది. పాపం, ఆ ఒక్క సాయంత్రమే ఆమె సుఖపడింది.

మర్నాడు నోటీసు బోర్డు మీద బ్యూలా ఫొటోతో సహా ఆచారం వెలిసింది. లిఫ్టు దగ్గర నవీన పట్టుకుంది. నవీనది కాకినాడ, పిల్లల వార్డు నర్సు.

"అక్కా, మనకిలాంటిదొకటుందని మా ఇంట్లో ఒక్కళ్లూ చెప్పలేదేంటక్కా? మా అమ్మని ఫోన్లో అడిగితే నీకు పిచ్చా అంది. అయినా సరే, నేనూ లీవు పెట్టేశాను."

సాయంత్రానికి పదకొండు మంది తెలుగు నర్సులు పెట్టారు. అందరి ఇళ్లలోనూ యాభై ఏళ్ల నుంచే ఉందట. ఒకామె అరవై రాసింది, సెలవు ముందు దొరుకుతుందని. మూడో రోజున ఏసీలు బాగుచేసే పోచన్న చేతిలో ఫారంతో జువేరియా ముందు నిలబడ్డాడు. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె.

"నువ్వు హిందువు కదప్పా?"

"నోటీసుల జాతీయం అని రాసిండ్రు గద మేడం. నేను జాతిల లేనా?"

"ఉన్నావులే. అయినా మీ ఇంట్లో ఈ ఆచారం యాడుంది?"

"సినిమా సూసుడు మా ఇంట్ల నూరేండ్ల సంది ఉన్నది."

"నూరేండ్ల కింద మీ ఊర్లో సినిమా యాడుందప్పా?"

"మా తాతది మస్తు ముందుసూపు మేడం."

వారం తిరిగేసరికి ఇరవై మూడు ఫారాలు. ఇరవై అయిదున ఇంతమందికి సెలవిస్తే వార్డుల్లో రోగులే ఒకరికొకరు ఇంజెక్షన్లు చేసుకోవాలి. కాదంటే సంస్కృతిని అవమానించినట్టు. జువేరియా ఒక రోజంతా ఆలోచించి, మంచి మనసున్నవాళ్లు మాత్రమే చేయగల ఘోరం ఒకటి చేసింది. బ్యూలాను పిలిచి నవ్వుతూ చెప్పింది.

"సెలవులన్నీ క్యాన్సిల్ చేసినా సిస్టర్. మీరు ఆచారం కోసం ఇంటికి పోయేదెందుకు? ఆచారాన్నే ఆసుపత్రికి తెస్తాండాం. మూడింటికి మీటింగ్ హాల్లో సినిమా. డైరెక్టర్‌గారు కూడా వస్తారు. ఇన్‌ఛార్జ్ నువ్వే."

"నాకు ఆ రోజు..."

"డ్యూటీ ఉంది కద, అందుకే నిన్ను పెట్టినా."

బ్యూలా ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మొగుడి మీద విరుచుకుపడింది. "అమ్మతో ఒక్క పూట అన్నం తింటానన్నానండీ! ఒక్క పూట! దానికి జాతిని లేపమన్నానా నేను?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మనోహరం ఓదార్చలేదు. తన వాక్యం నోటీసు బోర్డు మీద ఒక్క కామా కూడా మార్చకుండా వచ్చిందా అని అడిగాడు.

ఆ తరువాత ఆయనకూ పని పడింది. సినిమా పేరు కావాలన్నారు. ఆయన ఆ రోజు మొదలు చూడలేదు, చివర చూడలేదు, పేరు అసలే చూడలేదు. మంచు, ముసలాయన, కుక్క అని వెతికితే నలభై ఒక్క సినిమాలు వచ్చాయి. క్రిస్మస్ సినిమాలు తీసేవాళ్ల దగ్గర ఉన్న సామాను అంతా ఆ మూడేనని అప్పుడు తేలింది. వరసలో మొదటిదాన్ని పట్టుకుని, యాభై ఏళ్లుగా మా జాతి చూస్తున్నది ఇదేనని పంపించేశాడు.

ఇరవయ్యో తేదీ శనివారం ఉదయం డోర్‌బెల్ మోగింది. హల్వా డబ్బాతో జువేరియా. ఇంటి పెద్దావిడను తనే స్వయంగా పిలవాలని వచ్చింది. మనోహరం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"అత్తగారు ఉపవాస ప్రార్థనలో ఉన్నారండి. ఎవరితోనూ మాట్లాడరు."

"నేనెప్పుడున్నానండీ అల్లుడుగారూ ఉపవాసం? ఇప్పుడే కదా రెండు పెసరట్లు తిన్నాను," అంటూ లోపలి నుంచి జ్ఞానాంబ వచ్చింది. "రామ్మా, కూర్చో. మా బ్యూలా వాళ్ల ఆఫీసమ్మవా?"

జువేరియా ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది. "అమ్మా, మీ గురించే ఆసుపత్రంతా చెప్పుకుంటాండారు. మీరు యాభై ఏండ్ల నుంచి ముందు వరసలో కూర్చోని సినిమా చూస్తారంట కదా!"

జ్ఞానాంబ అల్లుడి వైపు చూసింది. అల్లుడు దుప్పటి కప్పిన టీవీ వైపు చూశాడు. అప్పుడు కూతురి వైపు చూసింది. బ్యూలా ముఖం పాలిపోయి ఉంది. అమ్మ అబద్ధమాడదు. అమ్మ కాదంటే ఫిబ్రవరిలో ఉద్యోగం పోతుంది. ఆ ముక్క బ్యూలా ముఖం మీదే రాసి ఉంది, తల్లి చదువుకుంది.

"యాభై కాదమ్మా," అంది జ్ఞానాంబ మెల్లగా. "నలభై తొమ్మిది. ముందు వరసలో కూర్చున్న మాట మాత్రం నిజం. నేల టిక్కెట్టు."

జువేరియా ఆనందం పట్టలేక ఆవిడ బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఆమె వెళ్లి తలుపు పడగానే వంటింట్లో కూతురికీ అల్లుడికీ జరగవలసినది జరిగింది. బైబిల్లో కీర్తనల్లోంచీ యిర్మీయాలోంచీ దొరికిన శాపాలన్నీ తెలుగులో వినిపించాక, ఆవిడ తీర్పు చెప్పింది.

"పిల్ల ఉద్యోగం కోసం వస్తాను. కళ్లు మూసుకుని కూర్చుంటాను. ఇంటర్వెల్ అవగానే లేచొచ్చేస్తాను. అప్పుడూ అదే చేశాను. పలావు డబ్బాలో పెట్టి తెస్తాను, బయట బల్ల మీద కూర్చుని ఇద్దరం తిందాం. సరేనా?"

బ్యూలాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటర్వెల్‌కు అమ్మతో పలావు! అంతకంటే ఏం కావాలి? ఇంగ్లీషు సినిమాలకు ఇంటర్వెల్ ఉండదన్న సంగతి ఆ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

ఇరవై అయిదున మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. ఆచారం ప్రకారం అందరూ తెల్లబట్టల్లో వచ్చారు. ఆసుపత్రి కావడంతో ఎవరు డ్యూటీలో ఉన్నారో, ఎవరు ఆచారంలో ఉన్నారో తెలియలేదు. డైరెక్టరుగారు ఒమానీలు వేసుకునే తెల్లటి పొడుగు అంగీ, డిష్‌డాషాలో వచ్చారు. ఆయన రోజూ వేసుకునేది అదే. ముందు వరస మధ్యలో జ్ఞానాంబ, ఒళ్లో పలావు డబ్బా, కళ్లు గట్టిగా మూసుకుని. ఆవిడ పక్కన పోచన్న కూర్చున్నాడు.

నాలుగో నిమిషంలో తెర మీద మంచు పడింది. అందరూ లేచారు. కొందరు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. మంచు ఆగింది, కూర్చున్నారు. మళ్లీ పడింది, లేచారు. దురదృష్టవశాత్తు ఆ సినిమా జరిగేదంతా కొండల మీద. గంట గడిచేసరికి పదిహేడు సార్లు లేచి కూర్చున్నారు. సెలైన్ స్టాండుతో వచ్చిన ఒక రోగి, డాక్టరు తనకు వ్యాయామం వద్దన్నాడని గొణిగాడు. డైరెక్టరుగారు మోకాళ్లు పట్టుకుని, ఇంత కఠినమైన సంప్రదాయం తాను ఎక్కడా చూడలేదని జువేరియాతో అన్నారు. ఆ మాటలో మెప్పే ఉంది.

తలుపు దగ్గర గులాబీ పువ్వుల పళ్లెం పట్టుకుని నిలబడిన బ్యూలాను వార్డు నుంచి రెండుసార్లు పిలిచారు. మధ్యలో పరుగున వచ్చి తల్లి దగ్గర వంగింది.

"ఇంటర్వెల్ ఎప్పుడే?" అంది జ్ఞానాంబ కళ్లు తెరవకుండా.

బ్యూలా వెళ్లి, సినిమా వేసే పని తన మీదే వేసుకుని ప్రొజెక్టరు దగ్గర ఉన్న మొగుణ్ణి అడిగింది. ఆయన ఒకసారి తెరను, ఒకసారి గడియారాన్ని చూసి, "ఇందులో వెయ్యలేదు," అన్నాడు, పొరపాటు సినిమా వాళ్లదన్నట్టు. ఆ మాట అమ్మకు చెప్పేలోపు మూడోసారి వార్డు నుంచి పిలుపు వచ్చింది.

ఇక్కడ జ్ఞానాంబ చాలాసేపే ఓర్చుకుంది. కాని కళ్లు మూసుకోవచ్చు, చెవులకు మూతలుండవు కదా. తెర మీద కుక్క కుయ్యోమని ఏడ్చింది.

"ఏమైంది బాబూ దానికి?" అని పోచన్నను అడిగింది.

"గడ్డకట్టిన చెర్ల పడ్డది అవ్వా."

"గట్టెక్కిందా?"

"ఏడ ఎక్కింది! మునుగుతాంది."

జ్ఞానాంబ కళ్లు తెరిచింది. చెయ్యి పైకెత్తి, ప్రభువా ఆ మూగజీవిని కాపాడు తండ్రీ అని మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లు కూటాలు నడిపిన గొంతు అది. ఇదీ ఆచారంలో భాగమే అనుకుని హాలంతా తలలు వంచింది. కుక్క గట్టెక్కింది. అందరూ ఆమెన్ అన్నారు. డైరెక్టరుగారూ అన్నారు. ఆ తరువాత ఆవిడ రెప్ప వేయలేదు. ముసలాయన కుక్కను కావలించుకునే చోట కొంగు తడిసిపోయింది. జీవితంలో మొదటిసారి ఒక సినిమా చివర చూసి, ఇన్నాళ్లూ రెండో సగం ఇలా ఉంటుందని తనకెవరూ చెప్పలేదేమని పోచన్నను నిలదీసింది.

బ్యూలా వార్డులో పని ముగించుకుని పరుగెత్తుకొచ్చేసరికి అయిదు దాటింది. హాల్లో దీపాలు వేశారు. జ్ఞానాంబ, పోచన్న, జువేరియా కుర్చీలు దగ్గరికి లాక్కుని కుక్క గురించి మాట్లాడుకుంటున్నారు. మధ్యలో పలావు డబ్బా. అందులో ఒక ఏలకు తొక్క, రెండు లవంగాలు మిగిలాయి.

"మాటల్లో పడి చూసుకోలేదే అమ్మా," అంది జ్ఞానాంబ నొచ్చుకుంటూ. "పాపం ఈ అబ్బాయి పొద్దున్నుంచి ఏమీ తినలేదట."

బ్యూలా ఆ డబ్బా వైపు చూసింది. ఏడేళ్ల ఏడుపు ఒక్కసారి పొంగింది. పక్కన ఎవరున్నారో చూసుకోకుండా జువేరియాకు అంతా చెప్పేసింది. ఆచారం లేదు. జాతీయం లేదు. రిమోట్‌లో బ్యాటరీ లేకపోవడం ఒక్కటే నిజం. "మా అమ్మతో కూర్చుని ఒక్క ముద్ద తినాలనుకున్నాను మేడమ్. ఇప్పుడు నా కాంట్రాక్టు తీసేస్తారో, ఏం చేస్తారో చేసుకోండి," అని కుర్చీలో కూలబడింది.

జువేరియా ఖాళీ డబ్బాకు మూత పెట్టింది.

"అమ్మానాయన విజిట్‌కి వస్తే మూడు రోజులు లీవు ఉంది కద సిస్టర్," అంది. "కారణం కూడా అడగం. టిక్కు పెడితే చాలు. ఫారంలో మొదటి గడే అది."

అందరూ మనోహరం వైపు తిరిగారు. ఆయన ప్రొజెక్టరు వైరు చుడుతూ, "ఆ గడి మరీ చిన్నగా ఉందండి. వాక్యం పట్టదు," అన్నాడు.

"ఇది ఇంక యాడా చెప్పొద్దు సిస్టర్," అంది జువేరియా గొంతు తగ్గించి. "డైరెక్టర్‌గారు ఇప్పుడే పైకి పోయి, ఆసుపత్రి క్యాలెండర్‌లో ఏటా వేయమన్నారు. ఆయనకు ఇప్పుడు పోయి ఏమని చెప్పేది?" బ్యూలా కాంట్రాక్టు ఫిబ్రవరిలో రెండేళ్లు పొడిగించారు. సంస్కృతి సేవకు ఒక సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. మనోహరం దాన్ని ఫ్రేము కట్టించి టీవీ పైన తగిలించాడు.

జ్ఞానాంబ నరసాపురం వెళ్లి ఊరికే కూర్చోలేదు. స్త్రీల సమాజంలో కొత్త సాక్ష్యం మొదలుపెట్టింది. ఒమన్ దేశపు విశ్వాసులు క్రిస్మస్ నాడు కుక్క సినిమా చూసి నిలబడి ప్రార్థిస్తారని చెప్పింది. ఎవరికీ అనుమానం రాలేదు. ఆ మరుసటి ఏడు పండగకు ముందు అక్కడ జరిపే సెమీ క్రిస్మస్‌లో తెర కట్టి సినిమా వేశారు. మంచు పడినప్పుడు మూడు వందల మంది లేచారు. ఆ సంబరం ముగించుకుని, మస్కట్‌లో అసలైన పద్ధతిలో ఎలా చేస్తారో మళ్లీ చూడాలని జ్ఞానాంబ ఇంకో విజిట్ వీసా మీద విమానమెక్కింది.

ఈసారి బ్యూలా మొగుణ్ణి పక్క గదిలో పెట్టి గడియ వేసి, ఫారం తనే నింపింది. మొదటి గడిలో టిక్కు పెట్టి, కింద తెలుగులో మా అమ్మ వచ్చింది అని మాత్రం రాసింది. సాయంత్రానికల్లా ఫారం తిరిగి వచ్చింది. సెలవు ఇవ్వలేదు. అడుగున జువేరియా తన చేతిరాతతో ఒక లైను రాసింది: మీ జాతీయ ఆచారానికి మీరే లేకపోతే ఎట్లా సిస్టర్?